మూడోసారి అడిగితేనే అవును

ఇది ఒక మహాయుద్ధం కథ. రెండు రాజ్యాలు, ఒక కొండ, ఒక కాలవ, మధ్యలో గాలిలా పరిగెత్తే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిని తమ వైపు తిప్పుకోడానికి రెండు రాజ్యాల సేనాపతులు చలిలో, వానలో, బురదలో వేసిన ఎత్తులూ పైఎత్తులూ తరతరాలు చెప్పుకునేలా ఉంటాయి.

ఉండవు. జరిగిందల్లా ఏమిటంటే, ఇంగ్లండులో లండన్‌కి కాస్త పైనున్న స్టీవెనేజ్‌లో మా ఇంటికి ఇద్దరు రన్నింగ్ కోచ్‌లు విడివిడిగా వచ్చి టీ తాగి వెళ్ళారు. ఆ అమ్మాయి మా చెల్లి. గాలిలా పరిగెత్తడం వరకూ నిజమే. కానీ అదే మనిషి సోఫాలో కూర్చుంటే, చెయ్యి చాస్తే అందే రిమోట్ కోసం పైగదిలో ఉన్న నన్ను పిలుస్తుంది.

మా ఊరికి కారులో గంట లోపే రెండు యూనివర్సిటీలున్నాయి. ఒకటి కొండ మీద, ఒకటి కాలవ పక్కన. ఇంట్లో మేం వాటిని కొండ, కాలవ అనే అనేవాళ్ళం. రెండింటికీ దూరపు పరుగుల జట్లున్నాయి. చుట్టుపక్కల స్కూళ్ళలో బాగా పరిగెత్తే పిల్లల్ని పెద్ద పేరున్న యూనివర్సిటీలు ఎప్పుడూ ఎత్తుకుపోతుంటాయి కాబట్టి, ఊళ్ళో మిగిలినవాళ్ళ కోసం ఈ రెండూ కొట్టుకుంటాయి. కొట్టుకోవడమంటే ఇక్కడి పద్ధతిలో కొట్టుకోవడం. రేసు దగ్గర ఇద్దరు కోచ్‌లూ ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అనుకుంటారు, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ఫినిషింగ్ లైనుకి చెరోవైపు నిలబడి సాయంత్రం దాకా ఒకళ్ళనొకళ్ళు చూసుకోరు.

చెల్లి పరుగు మొదలుపెట్టిన కారణం కూడా గొప్పదేం కాదు. స్కూల్లో ఆటల పీరియడ్‌కి నెట్‌బాల్ ఆడాలి, లేదంటే క్రాస్ కంట్రీ పరిగెత్తాలి. నెట్‌బాల్ టీచరు ఈల మరీ ఎక్కువ ఊదుతుందని ఇది పొలాల్లో పడింది. చూస్తూ చూస్తూ ఉండగానే స్కూల్లో దీన్ని పట్టుకునేవాళ్ళు లేకుండా పోయారు. తర్వాత కౌంటీలో, అంటే మా జిల్లాలో కూడా.

మొదటిసారి రేసు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "పక్కనే రోడ్డుందిగా, బురదలో ఎందుకు?" దానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. క్రాస్ కంట్రీ అంటే అంతే. జనవరిలో, ఊళ్ళో అన్నిటికన్నా తడిసిన పార్కుని వెతికి పట్టుకుని, అందులో ఉన్న మంచి దారిని వదిలేసి, లేని దారికి రిబ్బన్లు కట్టి అందులో పరిగెత్తమంటారు. చెల్లి ముందు వచ్చేది. దాని వెనక చాలాసేపటి దాకా ఎవరూ వచ్చేవారు కాదు. నాన్న ప్రతిసారీ వాచీ చూసుకుని, "మిగతావాళ్ళు దారి తప్పారేమోరా" అని నిజంగా కంగారు పడేవాడు. ఇంటికొచ్చాక ఆ బురద బట్టల్ని వాషింగ్ మెషీన్ ముందు పోసుకుని అమ్మ ఒక నిమిషం మౌనం పాటించేది.

కాలవ కోచ్ పొడుగాటి మనిషి. అంత బురదలో కూడా షూస్ తెల్లగా ఉంచుకోగల విద్య ఉన్నవాడు. చెల్లి లైను దాటగానే హాట్ చాక్లెట్ కప్పుతో సిద్ధంగా ఉండేవాడు. "అద్భుతం, అమోఘం" అనేవాడు. మా నాన్నకి చెయ్యిచ్చి "మీరెంత గర్వపడుతున్నారో" అనేవాడు. నాన్న ఎంత గర్వపడుతున్నాడో నాన్నకే అప్పటిదాకా తెలీదు.

కొండ కోచ్ గ్లాస్గో ఆవిడ. యాభై దాటి ఉంటాయి. చెవులు మూసే ఊలు టోపీ, చేతులు జేబుల్లో. ఆవిడ ఇంగ్లీషు మా ఇంట్లో అమ్మకొక్కదానికే పూర్తిగా అర్థమయ్యేది. అమ్మ జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో రిసెప్షనిస్టు, ఫోన్లో అన్ని యాసలూ విని ఉంది. ఈ కోచ్ హాట్ చాక్లెట్ తెచ్చేది కాదు. ఒకసారి చెల్లి అందరికన్నా ముందొచ్చి, కప్పు పట్టుకుని, ఊపిరి తీసుకుంటుంటే దగ్గరికొచ్చి ఒక్క మాటంది. "బోరు కొట్టింది కదూ?"

చెల్లి ఇంటికొచ్చేదాకా కారులో ఏం మాట్లాడలేదు. మాట్లాడకపోతే దానికి జ్వరమొచ్చినట్టు. ఆ తర్వాత వారం, చేరబోయే పిల్లలకి యూనివర్సిటీ చూపించే ఓపెన్ డేకి కొండకి వెళ్ళొచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది. ఇది మాట్లాడేది ఇంగ్లీషే గానీ, "అన్నయ్యా" మాత్రం తెలుగులో అంటుంది, ఏదైనా కావలసి వచ్చినప్పుడు.

"అన్నయ్యా! అక్కడ అమ్మాయిలు కొండ మీదకి గుంపుగా పరిగెడుతున్నారు. కబుర్లు చెప్పుకుంటూ! కబుర్లు చెప్పుకుంటూ కూడా నాకంటే ఫాస్ట్. అక్కడికెళ్తే నేనే లాస్ట్ వస్తాను!"

"లాస్ట్ రావడానికి కొండ ఎక్కడం ఎందుకే? మ్యాథ్స్‌లో ఇక్కడే వస్తున్నావుగా."

"నీకర్థం కాదు."

అర్థమైంది. ఆరేళ్ళుగా ఒక్కతే ముందు పరిగెడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, ముందు చూస్తే రిబ్బన్లు. దానికి పక్కన ఒక మనిషి కావాలి. ఇంత చిన్న విషయానికి యూనివర్సిటీ ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

చదువు సీటు రెండు చోట్లా వచ్చేట్టే ఉంది, దానితో గొడవ లేదు. గొడవంతా జట్టులో చోటు గురించి. జట్టులో చేర్చుకుంటే కోచ్ చూసుకుంటుంది, ఫిజియో ఉంటాడు, ట్రాక్ పక్కనే గది ఇస్తారు. కాలవలో ఆ చోట్లు బోలెడు. కొండలో ఆ ఏడాదికి లోకల్ అమ్మాయికి మిగిలింది ఒక్కటే. చెల్లి ప్రాణమంతా ఆ ఒక్కదాని మీద పెట్టుకుంది.

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి. శాటిలైట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో ఆయన గీసిన గీతలో వెంట్రుకవాసి తేడా ఉండదట. కానీ పుట్టింది భీమవరం పక్కన. మా వైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి గట్టిగా వద్దనాలి. మూడోసారికి, "సరే, మీరింతలా అంటుంటే" అనాలి. మొదటిసారికే ఒప్పుకున్నవాడు మా లెక్కలో మనిషి కాదు, తిండికి లేనివాడు. అవతలివాళ్ళు కూడా మూడుసార్లు అడుగుతారు కాబట్టి ఈ పద్ధతి ఇన్నాళ్ళూ ఏ ప్రమాదం లేకుండా నడిచింది.

ముందు కాలవ కోచ్ వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి జిమ్ చూపించాడు, ట్రాక్ చూపించాడు, ఐస్ నీళ్ళ తొట్టి చూపించాడు. చివరికి నాన్నకో హుడీ తీశాడు, మందంగా, మెత్తగా, ఛాతీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి యూనివర్సిటీ పేరుతో.

"అయ్యో, వద్దండీ, ఎందుకండీ."

"తీసుకోవాలి మీరు."

"నో నో, ప్లీజ్."

"నా మాట కాదనకండి."

"సరే, మీరింతలా అంటుంటే."

ఆయన వెళ్ళాక నాన్న హుడీ తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ, "పద్ధతి తెలిసిన మనిషిరా" అన్నాడు. నాకు తెలిసినంతలో అది పద్ధతి కాదు, సేల్స్ ట్రైనింగు. అయినా హుడీ బావుంది.

తర్వాతి శనివారం కొండ కోచ్ వస్తానంది. ఆ రోజు చెల్లికి సెలవే. కానీ అది పనిచేసే బూట్ల షాపులో చివరి నిమిషంలో డ్యూటీల రోటా మార్చారు. వెళ్తూ వెళ్తూ నాన్నకి వేలు చూపించి చెప్పింది.

"నాన్నా, ఆవిడ అడిగితే యెస్ అను. అంతే. ఇంకేం మాట్లాడకు."

"నాకు చెప్పాలా అమ్మలూ?"

చెప్పాల్సింది. తెలుగులో చెప్పాల్సింది.

ఆవిడ టోపీ తీయకుండానే కూర్చుంది. నాన్న టీ ఇమ్మంటారా అన్నాడు. "వద్దు, థాంక్స్" అంది. నాన్న ఇచ్చాడు. తాగింది. ఇంకో కప్పు అన్నాడు. "నిజంగా వద్దు" అంది. పోశాడు. మూడో కప్పుకి ఆవిడ వద్దనడం మానేసింది. అమ్మ వంటింట్లో గారెలు వేస్తోంది, ఫ్యాను మోతకి హాల్లో ఏం జరుగుతోందో వినపడే వీలు లేదు. నేను పక్క కుర్చీలో గారె తింటున్నాను. అప్పుడు ఆవిడ కప్పు పక్కన పెట్టి సూటిగా విషయానికొచ్చింది.

"మీ అమ్మాయిని జట్టులో చేర్చుకుందామనుకుంటున్నాను. మీకు ఇష్టమేనా?"

మా నాన్న చేతులు రెండూ ఎత్తాడు. అన్నది ఇంగ్లీషులోనే గానీ లోపలున్నది పశ్చిమగోదావరి.

"అయ్యో, నో నో, ఎందుకండీ మీకు శ్రమ! మా అమ్మాయికి అంత అవసరం లేదండీ. ఏదో అలా పరిగెడుతుందంతే."

"ఓ," అంది ఆవిడ. "సరే అయితే. అర్థమైంది."

లేచింది. గారె నా గొంతులో ఉంది. అది మింగేలోపు ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళిపోయారు. నేనంత కంగారు పడలేదు కూడా. మా వాళ్ళకి అసలు మాట మొదలయ్యేదే గుమ్మం దగ్గర, కారు తలుపు తీశాక ఇంకో అరగంట. ఆవిడ గుమ్మం దగ్గర ఏమీ అనలేదు. సీటు బెల్టు పెట్టుకుని, చెయ్యూపి, వెళ్ళిపోయింది.

ఆవిడ వద్దన్న టీ ఆయన మూడుసార్లు పోశాడు. ఆయన వద్దన్న మాట ఆవిడ ఒక్కసారికే నమ్మింది.

"బాగా జరిగింది," అన్నాడు నాన్న లోపలికొస్తూ. "రేపు మళ్ళీ అడుగుతారు, చూడు."

మళ్ళీ అడగలేదు. సాయంత్రానికి చెల్లికి మెయిల్ వచ్చింది. మీ కుటుంబం నిర్ణయం తెలిసింది, గౌరవిస్తాను, ఆ చోటు వేరే అమ్మాయికి ఇచ్చే విషయం ఎల్లుండి కాక పై సోమవారం చూస్తాను, ఎప్పుడైనా ఓ ఆదివారం కొండ మీదకి రండి, మావాళ్ళ పరుగు చూద్దురుగాని.

చెల్లి ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చింది. షాపు బ్యాడ్జి ఇంకా తీయలేదు.

"నాన్నా. నువ్వు నో అన్నావా?"

"నేనెందుకంటానమ్మా! మర్యాదకి వద్దన్నానంతే."

"అదే నో!"

"అది నో ఎలా అవుతుంది? ఒక్కసారే కదా అన్నాను!"

అమ్మ చేతిలో అట్లకాడతో వచ్చింది. "ఏవండీ, ఆవిడ గ్లాస్గో మనిషండీ. మీ పాలకొల్లు పెద్దత్త కాదు."

"మరి టీ తాగింది కదే మూడుసార్లు! పద్ధతి తెలుసుననుకున్నాను."

చెల్లి గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. లోపల నుంచి ఏడుపు వినిపించింది. తలుపు దగ్గర నిలబడి, "పోనీలే, కాలవకెళ్తే ఫస్టొస్తావు" అన్నాను, ఓదార్చే ఉద్దేశంతో. లోపలి నుంచి బూటొకటి తలుపుకి తగిలింది. గురి బాగానే ఉంది, మనిషి కోలుకుంటుందనిపించింది.

అది వెంటనే ఆవిడకి మెయిల్ రాసింది. ఆటోమేటిక్ జవాబొచ్చింది: వచ్చే శనివారం దాకా జట్టుతో ట్రైనింగ్ క్యాంపులో ఉంటాను, ఆ మర్నాడు ఆదివారం పొద్దున్నే కొండ మీద ఉంటాను. అంటే సోమవారానికి ముందు మిగిలింది ఆ ఒక్క ఆదివారం.

"ఆదివారం రమ్మన్నారుగా," అన్నాడు నాన్న. "వెళ్దాం."

ఇక్కడ నేను అడ్డం పడ్డాను. నేను పనిచేసే ఆఫీసులో అందరూ నాతో "ఒకసారి కలిసి కాఫీ తాగాలి" అంటారు. మూడేళ్ళయింది. ఒక్కరితో తాగలేదు. "నాన్నా, ఇక్కడ ఎప్పుడైనా రండి అంటే రమ్మని కాదు. వెళ్ళొస్తాను అనడానికి బదులు అలా అంటారు."

"పిలిచి రమ్మనకపోవడమేంట్రా? పిలిస్తే వెళ్ళాలి."

వద్దంటే అవునని అర్థమున్న మనిషీ, రమ్మంటే రావద్దని అర్థమున్న మనిషీ ఒకే విషయం మీద మాట్లాడుకున్నారు. ఇంతవరకైనా వచ్చిందంటే ఆశ్చర్యమే.

ఆదివారం నలుగురం బయల్దేరాం. వెనక సీట్లో చెల్లికీ నాకూ మధ్య పులిహోర డబ్బా, దానికి కూడా సీటు బెల్టు. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని అమ్మ. దారిలో చెల్లికి ఒకటే పని. బూట్ల లేసులు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం.

కొండ మీద గాలి కారు తలుపు తియ్యనివ్వలేదు. కార్ పార్కులో అమ్మాయిలు పదిమంది కాళ్ళు సాగదీసుకుంటున్నారు. వాళ్ళ మధ్యలో ఊలు టోపీ. మమ్మల్ని చూసి, "ఓ! వచ్చారే!" అంది. ఆ "వచ్చారే"లో ఉన్న ఆశ్చర్యం నాకొక్కడికే వినిపించింది. తర్వాత ఆవిడ కళ్ళు మా నాన్న ఛాతీ మీద ఆగాయి. నేనూ అప్పుడే చూశాను. కోటు కారులో వదిలేశాడు. కాలవ యూనివర్సిటీ హుడీ వేసుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరికి పేరు.

"చలిగా ఉందండీ," అన్నాడు నాన్న.

అమ్మాయిల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ మాత్రం నాన్నని వదిలేసి చెల్లి వైపు తిరిగింది. అది మంచి పనే.

"నీ మెయిల్ ఇప్పుడే చూశాను. చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీకు కావాలా?"

ఇంతే. ఒక్క మాట. వారమంతా ఏడ్చింది ఈ ఒక్క మాట కోసమే. చెల్లి నోరు తెరిచింది.

"అబ్బే, పర్లేదండీ, వేరే ఎవరినైనా అనుకుని ఉంటే... మీకు ఇబ్బంది ఎందుకు... నిజంగా పర్లేదు."

చక్కటి ఇంగ్లీషులో, స్టీవెనేజ్ యాసలో. ఇక్కడే పుట్టింది. గోదావరిని చూసిందే రైలు కిటికీలోంచి, అదీ నిద్రమత్తులో. అయినా ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది. నాన్న దానివైపు ఎంత గర్వంగా చూశాడంటే, ఏ రేసులో ఫస్టొచ్చినా అలా చూడలేదు.

"ఓ. సరే," అని ఆవిడ తల ఊపి జట్టు వైపు తిరగబోయింది.

"ఎక్స్‌క్యూజ్ మీ."

అమ్మ. సర్జరీ గొంతు. ఆ గొంతు వింటే వెయిటింగ్ రూములో దగ్గేవాళ్ళు దగ్గడం ఆపేస్తారు. రోజంతా జనానికి "అపాయింట్‌మెంట్లు లేవు" అని చెప్పడమే అమ్మ ఉద్యోగం. లేదు అనే మాటని అమ్మ వాడినంత శుభ్రంగా మా ఇంట్లో ఎవరూ వాడలేరు.

"దీనికి కావాలి. ఆ రోజు ఈయనకి కూడా కావాలి. మా ఇంట్లో వద్దు అనేది జవాబు కాదు, జవాబులో మొదటి ముక్క. మూడుసార్లు అడగాలి."

"మూడుసార్లా?"

"టీకి ఎన్నిసార్లు అడిగాం మిమ్మల్ని?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. టోపీ కింద మొహం మెల్లగా విచ్చుకుంది. "అందుకా! నేను మామూలుగా టీయే తాగను." చెల్లి వైపు తిరిగి, చేతులు జేబుల్లోంచి మొదటిసారి బయటికి తీసి, పెద్ద గొంతుతో అడిగింది. "నీకు ఆ చోటు కావాలా?"

"మీకు కష్టం కాకపోతేనే..."

"నీకు ఆ చోటు కావాలా?"

"కావాలి! కావాలి, ప్లీజ్!"

"రెండోసారి గట్టిగా వద్దనలేదు," అన్నాడు నాన్న నా చెవిలో, కాస్త నిరాశగా. "ఇక్కడ పుట్టింది కదా."

అక్కడికక్కడే దాన్ని గుంపులో కలిపి కొండ కిందికి పంపింది ఆవిడ. కిందికెళ్ళి, అడవి చుట్టి, మళ్ళీ పైకి రావాలి. మేం పులిహోర డబ్బా పట్టుకుని పైన నిలబడ్డాం. కాసేపటికి ఒక్కొక్కరే చెట్లలోంచి బయటపడి పైకొస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి నిలబడుతున్నారు. అందరూ వచ్చేశారు. నాన్న వాచీ చూసుకున్నాడు.

"మనదేదిరా? దారి తప్పిందేమో."

తప్పలేదు. అందరికన్నా ఆఖరున, నడుం దాకా బురదతో, నోరంతా తెరుచుకుని వచ్చింది. పైన నిలబడ్డ అమ్మాయిలందరూ అరుస్తూ చప్పట్లు కొడుతున్నారు. రావడం రావడం వాళ్ళ మధ్యలో పడింది. ఎవరిదో భుజం పట్టుకుని వంగి ఊపిరి తీసుకుంటూ, ఆ ఊపిరి అందకుండానే కబుర్లు మొదలుపెట్టింది. నా కళ్ళు చెమర్చాయని రాసుకోవచ్చు. గాలి అటువైపు నుంచే కొడుతోంది మరి.

పులిహోర తీసుకోమని అమ్మ కోచ్‌కి ప్లేటు చాపింది. ఆవిడ "వద్దు" అని, మా మొహాలు చూసి, "వద్దు, వద్దు, సరే" అని మూడూ ఒకేసారి చెప్పేసి తీసుకుంది. మనుషులు నేర్చుకుంటారు.

యుద్ధంలో ఓడిన రెండో సేనాపతి సంగతి మిగిలింది. మా నాన్నకి వద్దు అనాల్సినప్పుడు వద్దు రాదు. కాలవ కోచ్ ఫోన్ చేస్తే, "తప్పకుండా, తప్పకుండా, చూద్దామండీ" అన్నాడట. పాపం ఆయన చెల్లికి గది కూడా చూసి పెట్టాడు. అమ్మే మళ్ళీ ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పింది. ఆయన మంచివాడు, నొచ్చుకోలేదు. హుడీ తిరిగి పంపిస్తానని నాన్న, వద్దు ఉంచుకోమని ఆయన, అలా మూడుసార్లు జరిగింది. ఇప్పుడు అది వేసుకుని నాన్న పెరట్లో గడ్డి కోస్తాడు.

చెల్లి కొండ మీదే ఉంటోంది. ఇంకా చాలాసార్లు లాస్టే వస్తోంది, ఫోన్ చేసి ఆ మాట సంబరంగా చెబుతుంది. ఇంటికొచ్చినప్పుడల్లా పెద్ద సంచీ నిండా బురద బట్టలు తెస్తుంది. వాటిని తడిగా మెషీన్లో వెయ్యకూడదు. ముందు ఆరబెట్టి, బయట దులిపి, అప్పుడు వెయ్యాలి. లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఫిల్టర్ కింద కుడివైపు చిన్న తలుపు వెనక ఉంటుంది, తిప్పేముందు నేల మీద పాత తువ్వాలు పరుచుకోవాలి.